హార్డ్, హార్డ్‌లీ: మీ నాయన కష్టాన్ని ఒక్క మాటతో కొట్టేయకండి

(వీడియో ఎపిసోడ్‌కి ఇది రాతరూపం. ఇంగ్లీషు వాక్యాలు కూడా తెలుగు అక్షరాల్లోనే ఇచ్చాం. పైకి చదువుకుంటే చాలు, అర్థమైపోతాయి.)

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ఇంగ్లీషు మాట గురించి మాట్లాడుకుందాం. మాట చిన్నదే కానీ తప్పు చోట పడితే వాక్యం అర్థం పూర్తిగా తిరగబడుతుంది. ఆ మాట ‘హార్డ్‌లీ’.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకి నేనూ కూర్చునేవాణ్ణి. ఇప్పుడు ఈ వీడియోలు చేస్తున్నాక చాలామంది వాళ్ల సెల్ఫ్ ఇంట్రడక్షన్ రాసి, ‘అన్నా, ఒకసారి చూడవా’ అని పంపిస్తుంటారు. అక్కడా ఇక్కడా నాకు పదేపదే కనబడే వాక్యం ఒకటుంది.

‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హి వర్క్స్ హార్డ్‌లీ ఫర్ అవర్ ఫ్యామిలీ.’

రాసినోళ్ల మనసులో ఉన్నదేంటి? మా నాయన రైతు, మా కోసం చాలా కష్టపడతాడు అని. పేపర్ మీద పడిందేంటి? మా నాయన రైతు, మా కోసం పెద్దగా పనేం చెయ్యడు అని! పొద్దున ఐదింటికే చేనికి పోయి పొద్దు గూకినాక ఇంటికొచ్చే మనిషి గురించి, ఆయన కష్టం మీద బీటెక్ చదివిన కొడుకో కూతురో రాసిన వాక్యం అది. అందుకే ఒక్క మాట కోసం ఒక ఎపిసోడ్ మొత్తం పెట్టాను.

తప్పు ఎక్కడ మొదలవుతుంది?

మనకి బళ్లో ఒక రూల్ నేర్పిస్తారు. స్లో పక్కన ‘ఎల్, వై’ పెడితే స్లోలీ. బ్యూటిఫుల్ పక్కన పెడితే బ్యూటిఫుల్లీ. తెలుగులో ‘గా’ తగిలించినట్టే అన్నమాట. మెల్ల, మెల్లగా. అందం, అందంగా. నిజం, నిజంగా. మన బుర్ర చాలా తెలివైంది కదా, వెంటనే ఒక ఫార్ములా తయారు చేసేసుకుంటుంది: ‘లీ’ అంటే ‘గా’. ఇక హార్డ్ అంటే కష్టం కాబట్టి హార్డ్‌లీ అంటే కష్టంగా. అంతే, పని అయిపోయింది అనుకుంటాం.

ఫార్ములా తొంభై చోట్ల పనిచేస్తుంది. ఇక్కడ చెయ్యదు. ఎందుకంటే హార్డ్ అనే మాటకి ‘లీ’ అవసరమే లేదు. అది ఉన్నది ఉన్నట్టుగానే రెండు పనులూ చేస్తుంది. ‘హార్డ్ వర్క్’ అన్నప్పుడు పని ఎలాంటిదో చెబుతుంది. ‘వర్క్ హార్డ్’ అన్నప్పుడు ఎలా పనిచేస్తున్నారో చెబుతుంది. మాట అదే, ఉన్న చోటే మారింది.

ఫాస్ట్ కూడా ఇలాంటిదే. ‘హి రన్స్ ఫాస్ట్’ అంటాం. ‘ఫాస్ట్‌లీ’ అనే మాటని ఇంగ్లీషువాళ్లు వాడరు. మన కాలేజీల్లో మాత్రం ‘కమ్ ఫాస్ట్‌లీ’ అని రోజూ వినబడుతూనే ఉంటుంది. అయితే ఫాస్ట్‌లీ అంటే మహా అయితే నవ్వుతారు, అర్థం మాత్రం పాడవదు. హార్డ్‌లీ సంగతి అలా కాదు. ఆ మాట నిజంగానే ఉంది, దానికి వేరే అర్థం ఉంది. అసలు చిక్కు అదే.

కోడింగ్ తెలిసినవాళ్లకి ఇంకో రకంగా చెప్తాను. కండిషన్ ముందు ఒక ‘నాట్’ గుర్తు పెడితే ఏమవుతుంది? ట్రూ ఉన్నది ఫాల్స్ అవుతుంది. కోడ్ చక్కగా రన్ అవుతుంది, ఎర్రర్ ఏమీ రాదు, రిజల్ట్ మాత్రం తలకిందులు. హార్డ్ పక్కన పెట్టే ‘లీ’ కూడా దాదాపు అంతే.

హార్డ్‌లీ మీకు ముందే తెలుసు

ఇప్పుడు మీకో మంచి వార్త. హార్డ్‌లీని మీరు ఇప్పటికే కరెక్టుగా వాడుతున్నారు. ఇంగ్లీషులో కాదు, తెలుగులో మాట్లాడేటప్పుడు!

‘ఎక్కడున్నావ్‌రా?’ ‘హార్డ్‌లీ ఐదు నిమిషాలు మామా, వచ్చేస్తున్నా.’

‘క్లాసుకి ఎంతమంది వచ్చినారు?’ ‘హార్డ్‌లీ పదిమంది ఉంటారక్కా.’

ఇక్కడ హార్డ్‌లీ అంటే కష్టంగా అని ఎవరైనా అనుకుంటారా? కష్టంగా పదిమంది అని ఎవరూ అనుకోరు. మహా అయితే పదిమంది, అంతకన్నా లేరు అని వెంటనే అర్థమైపోతుంది. అదే హార్డ్‌లీ అసలు అర్థం: చాలా తక్కువ, దాదాపు లేనట్టే.

తెలుగు వాక్యంలో వాడేటప్పుడు చెవి మీద నమ్మకంతో వాడతాం. ఇంగ్లీషు వాక్యం రాసేటప్పుడు మాత్రం ఆ చెవిని పక్కన పెట్టి బళ్లో నేర్చుకున్న ఫార్ములా బయటికి తీస్తాం. కాబట్టి ఇంగ్లీషులో రాసేటప్పుడు ‘హార్డ్‌లీ ఐదు నిమిషాలు’ అన్నది ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. సగం సమస్య అక్కడే తీరిపోతుంది.

నల్లమాడ వానతో నేర్చుకుందాం

మిగతా సగానికి మన ఊరి వాన ఉంది. నల్లమాడ మండలం ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసేదాకా అనంతపురం జిల్లానే. పేరు మారినా ఆకాశం మారలేదు కదా. నైరుతి మబ్బులు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి, మన పీఠభూమి దాకా వచ్చేసరికి తేలిపోతాయి. పాత అనంతపురం జిల్లాకి ఏడాది మొత్తం మీద సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర్లోనే ఉంటుంది. దేశంలో బాగా తక్కువ వాన పడే జిల్లాల్లో ఇదొకటి.

ఇలాంటి చోట రెండు ఇంగ్లీషు వాక్యాలు చూడండి.

‘ఇట్ రెయిన్డ్ హార్డ్.’ వాన దంచికొట్టింది.

‘ఇట్ హార్డ్‌లీ రెయిన్డ్.’ వాన పడీ పడనట్టు పోయింది, దాదాపు పడనేలేదు.

మాటలు దాదాపు అవే. కానీ మొదటిదాంట్లో చెరువుకి నీళ్లొచ్చినాయి, రెండోదాంట్లో చెనక్కాయ చేను ఎండిపోయింది. హార్డ్‌కీ హార్డ్‌లీకీ ఉన్న తేడా మన దగ్గర ఒక పంటంత తేడా!

ఇంకో సంగతి. చెనక్కాయ రైతుని ఈ రెండూ దెబ్బ కొడతాయి. జూన్, జూలైలో విత్తనం వేసి, ఊడలు దిగే టైంలో, కాయ ఊరే టైంలో వాన మొహం చాటేస్తే కాయ పట్టదు. ‘ఇట్ హార్డ్‌లీ రెయిన్డ్ ఇన్ ఆగస్ట్.’ అదే పంట పీకే టైంలో వాన పట్టుకుంటే కాయ భూమిలోనే మొలకెత్తుతుంది, కుప్ప వేసింది బూజు పడుతుంది. ‘ఇట్ రెయిన్డ్ హార్డ్ ఎట్ హార్వెస్ట్ టైం.’ రెండూ నష్టమే, కానీ వేరు వేరు నష్టాలు. రేపు మీ నాయన తరఫున బ్యాంకుకో, పంట బీమా వాళ్లకో మీరే ఇంగ్లీషులో ఒక మెయిల్ కొట్టాల్సి వచ్చిందనుకోండి. ‘ఇన్ ఆగస్ట్ ఇట్ రెయిన్డ్ హార్డ్’ అని రాస్తే వర్షాభావం అని చెప్పాల్సిన చోట భారీ వర్షం అని చెప్పినట్టు. చదివే మనిషికి మీ చేను కనబడదు, మీ వాక్యమే కనబడుతుంది.

ఎక్కడ పెట్టాలి?

పై రెండు వాక్యాల్ని మళ్లీ పైకి చదవండి. ఒక తేడా చెవికి తగులుతుంది. హార్డ్ పనిని చెప్పే మాటకి వెనకాల వచ్చింది. హార్డ్‌లీ ముందొచ్చింది.

‘షి స్టడీడ్ హార్డ్.’ ఆమె కష్టపడి చదివింది.

‘షి హార్డ్‌లీ స్టడీడ్.’ ఆమె చదివిందే లేదు.

హార్డ్ వెనక, హార్డ్‌లీ ముందు. ఇదొక్కటి గుర్తుంటే చాలు, ఎక్కువ వాక్యాలు దారిలో పడతాయి.

వాక్యంలో కెన్, హ్యాజ్, ఈజ్ లాంటివి ఉంటే హార్డ్‌లీ వాటి తర్వాత వస్తుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో సిగ్నల్ సరిగ్గా లేనప్పుడు బాగా పనికొచ్చే వాక్యం: ‘సారీ సర్, ఐ కెన్ హార్డ్‌లీ హియర్ యూ.’ సారీ సర్, మీ మాట అసలు సరిగ్గా వినబడట్లేదు అని.

ఇప్పుడు మొదట్లో చూసిన వాక్యానికి మళ్లీ వద్దాం. ‘హి వర్క్స్ హార్డ్‌లీ’ అని హార్డ్‌లీ వెనకాల పెడితే చదివేవాళ్లు కొంచెం ఆగి, వీళ్లు చెప్పాలనుకున్నది వేరేమో అని ఊహించుకునే అవకాశం ఉంది. కానీ కొంతమంది ఇంకా స్టైల్‌గా ఉంటుందని ‘హి హార్డ్‌లీ వర్క్స్’ అని ముందు పెడతారు. అప్పుడు ఊహించుకోవడానికి ఏమీ మిగలదు. ఎందుకంటే అది గ్రామర్ ప్రకారం నూటికి నూరు పాళ్లు కరెక్ట్ వాక్యం. ఫోన్‌లో ఉన్న గ్రామర్ యాప్ కూడా ఎర్రగీత గీయకపోవచ్చు. వాక్యంలో తప్పేమీ లేదు మరి. తప్పు మీ నాయన గురించి అది చెప్పేదాంట్లో ఉంది, అది యాప్‌కి తెలియదు.

ఇంగ్లీషు దేశాల ఆఫీసుల్లో దీని మీద ఒక పాత జోక్ ఉంది. ‘ఆర్ యూ వర్కింగ్ హార్డ్, ఆర్ హార్డ్‌లీ వర్కింగ్?’ అని అడుగుతారు. ఒళ్లొంచి పనిచేస్తున్నావా, లేక ఊరికే కూర్చున్నావా అని. రేపు అమెరికా క్లయింట్ కాల్‌లో ఎవరైనా ఇలా అంటే కంగారు పడకండి, నవ్వేసి ‘వర్కింగ్ హార్డ్’ అనండి!

ఒకే మాటకి రెండు అర్థాలు ఎలా వచ్చాయి?

హార్డ్ అంటే కష్టం, గట్టి అన్నప్పుడు దానికి పుట్టిన హార్డ్‌లీకి ‘దాదాపు లేదు’ అనే అర్థం ఎలా వచ్చింది అని చాలామందికి డౌట్. మంచి డౌటే. పాత ఇంగ్లీషులో హార్డ్‌లీ అంటే నిజంగానే గట్టిగా, కఠినంగా అనే అర్థం. తర్వాత మెల్లగా ‘కష్టంమీద’ అనే అర్థానికి జారింది. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో ధనవంతుడు దేవుడి రాజ్యంలోకి వెళ్లడం గురించి చెప్పే చోట ఈ మాట ఉంది. అక్కడ దాని అర్థం చాలా కష్టంమీద అనే. అప్పటికే ఇంకోపక్క ‘దాదాపు లేదు’ అనే అర్థం 16వ శతాబ్దంలో మొదలైపోయింది. చివరికి అదే నిలబడింది. పాత అర్థం వాడుకలోంచి పోయింది.

హార్డ్‌కి మాత్రం పాత ఇంగ్లీషులో ‘హెఆర్డె’ అని చివర ఒక చిన్న అచ్చు ఉండేది. ‘ఎలా చేశారు’ అని చెప్పడానికి ఆ అచ్చే గుర్తు. కాలంతో ఆ అచ్చు రాలిపోయింది, మాట మిగిలింది. అందుకే ఇప్పుడు ‘హార్డ్ వర్క్’లోనూ ‘వర్క్ హార్డ్’లోనూ ఒకేలా కనబడుతుంది.

ఇదేదో ఇంగ్లీషువాళ్ల వింత అనుకోకండి. తెలుగులో మనమూ ఇదే చేస్తాం. మా వైపు పెద్దోళ్లని ‘ఈ పొద్దు వానొస్తాదా?’ అని అడగండి. ఆకాశం వంక చూసి ‘కష్టమే సామీ’ అంటారు. అంటే వాన కష్టపడుతోందనా? కాదు. రాదు, వచ్చే సూచనే లేదు అని. ‘వాడు డబ్బులిచ్చేది కష్టమే’ అంటే దాదాపు ఇవ్వడనే. చూశారా, కష్టం అనే మాట మన నోట్లో కూడా ‘దాదాపు లేదు’గా మారిపోయింది. హార్డ్‌లీ నడిచిన దారి ఇదే.

ఇంకా దగ్గరి గుర్తు ఒకటి చెప్తాను, ఇది రాసి పెట్టుకోండి.

కష్టపడి అంటే హార్డ్. ‘మా నాయన కష్టపడి పంట తీసినాడు.’

కష్టంమీద అంటే హార్డ్‌లీ వైపు. ‘ఈ ఏడు కష్టంమీద పది మూటలొచ్చినాయి.’ ఇంగ్లీషులో ‘వుయ్ గాట్ హార్డ్‌లీ టెన్ బ్యాగ్స్.’

‘పడి’ ఉంటే హార్డ్, ‘మీద’ ఉంటే హార్డ్‌లీ. వాక్యం ముందు తెలుగులో అనుకొని చూడండి, ఏది వాడాలో మీకే తెలిసిపోతుంది. ఇంకోటి గమనించారా? ‘కష్టంగా పనిచేస్తాడు’ అని మనం తెలుగులో కూడా అనం. ‘కష్టపడి’ అనే అంటాం. ‘గా’ ఇక్కడ తెలుగులోనే సరిపోలేదు, ఇంగ్లీషులో ‘లీ’ ఎలా సరిపోతుంది?

హార్డ్‌లీతో ఇంకో నాలుగు జాగ్రత్తలు

మొదటిది, హార్డ్‌లీ లోపలే ‘లేదు’ దాగి ఉంది. మళ్లీ డోంట్, డిడ్‌న్ట్, కాన్ట్ పెట్టకూడదు. తెలుగులో ‘అసలు వాన పడలేదు’ అని చివర ‘లేదు’ తప్పనిసరి కాబట్టి ఇంగ్లీషులో కూడా ‘ఇట్ డిడ్‌న్ట్ హార్డ్‌లీ రెయిన్’ అని వచ్చేస్తుంది. వద్దు. ‘ఇట్ హార్డ్‌లీ రెయిన్డ్’ చాలు.

రెండోది, హార్డ్‌లీ పక్కన నో, నెవర్, నోబడీ రావు. ఎనీ, ఎవర్, ఎనీబడీ వస్తాయి. ‘దేర్ ఈజ్ హార్డ్‌లీ ఎనీ వాటర్ ఇన్ ద బోర్‌వెల్.’ బోరులో నీళ్లు దాదాపు లేవు. ‘ఇట్ హార్డ్‌లీ ఎవర్ స్నోస్ ఇన్ ఇండియన్ ప్లెయిన్స్.’ మైదానాల్లో మంచు కురవడం ఎప్పుడోగానీ ఉండదు.

మూడోది పోటీ పరీక్షలు రాసేవాళ్లకి. బ్యాంక్, ఎస్ఎస్‌సీ పేపర్లలో బాగా అడిగే మోడల్ ఇది. హార్డ్‌లీని వాక్యం మొదట్లో పెడితే తర్వాతి మాటల వరస మారుతుంది, దానికి జోడీగా ‘వెన్’ వస్తుంది. ‘హార్డ్‌లీ హ్యాడ్ వుయ్ సోన్ ద సీడ్స్ వెన్ ద రెయిన్స్ స్టాప్డ్.’ ఇట్లా విత్తనం వేశామో లేదో, అట్లా వాన ఆగిపోయింది. ‘నో సూనర్’ ఉంటే జోడీ ‘దాన్’. హార్డ్‌లీకి వెన్, నో సూనర్‌కి దాన్. పరీక్షలో ఈ రెండు జోడీల్ని కలిపేసి ఇస్తారు, పడిపోకండి.

నాలుగోది, క్వశ్చన్ ట్యాగ్. ‘ఇట్ హార్డ్‌లీ రెయిన్స్ హియర్, డజ్ ఇట్?’ అనాలి, ‘డజన్ట్ ఇట్’ కాదు. కారణం మళ్లీ అదే, లోపల దాగి ఉన్న ‘లేదు’.

హార్డ్ లాగా అర్థం మార్చేసే జోడీలు ఇంకొన్ని ఉన్నాయి. లేట్ అంటే ఆలస్యంగా, లేట్‌లీ అంటే ఈమధ్య. ‘ద బస్ కేమ్ లేట్’ అంటే బస్సు ఆలస్యంగా వచ్చింది. ‘ఐ హ్యావ్ బీన్ బిజీ లేట్‌లీ’ అంటే ఈమధ్య బిజీగా ఉంటున్నా. నియర్ అంటే దగ్గర, నియర్‌లీ అంటే దాదాపు. ‘కదిరి ఈజ్ నియర్’, కానీ ‘నియర్‌లీ టెన్ బ్యాగ్స్’. అన్నట్టు ‘నియర్‌లీ టెన్’ అంటే దాదాపు పది వచ్చినాయి అని తృప్తి. ‘హార్డ్‌లీ టెన్’ అంటే పదికి మించి రాలేదు అని బాధ. ఒకే పంట, రెండు మొహాలు!

మరి ఇంటర్వ్యూలో ఏం చెప్పాలి?

కదిరి బస్టాండులో బెంగళూరు బస్సెక్కి మొదటి ఇంటర్వ్యూకి పోయేవాళ్లు ఈ వీడియో చూస్తున్నారని నాకు తెలుసు. వాళ్ల కోసం మూడు వాక్యాలు ఇస్తాను. ఏదైనా తీసుకోండి.

‘మై పేరెంట్స్ ఆర్ హార్డ్‌వర్కింగ్ ఫార్మర్స్.’ మా అమ్మానాయనా కష్టపడే రైతులు. ఇక్కడ హార్డ్‌వర్కింగ్ ఒకటే మాట, మధ్యలో ‘లీ’ దూర్చకండి. హార్డ్‌లీ వర్కింగ్ అయిందంటే కథ మళ్లీ మొదటికే.

‘మై ఫాదర్ వర్క్డ్ హార్డ్ టు ఎడ్యుకేట్ మి.’ నన్ను చదివించడానికి మా నాయన చాలా కష్టపడ్డాడు.

‘దిస్ డిగ్రీ కేమ్ ఫ్రమ్ దేర్ హార్డ్-ఎర్న్డ్ మనీ.’ ఈ డిగ్రీ వాళ్ల కష్టార్జితం. హార్డ్-ఎర్న్డ్ అంటే కష్టపడి సంపాదించింది. హార్డ్‌లీ ఎర్న్డ్ అంటే సంపాదించిందే లేదు.

వీలైతే హార్డ్ అనే మాటతోనే ఆగిపోకండి. పక్కన ఒక నిజం చేర్చండి. ‘వుయ్ గ్రో గ్రౌండ్‌నట్ ఇన్ ఎ ప్లేస్ వేర్ ఇట్ హార్డ్‌లీ రెయిన్స్. మై ఫాదర్ వర్క్స్ హార్డ్.’ వాన సరిగ్గా పడని చోట మేం చెనక్కాయ పండిస్తాం. మా నాయన కష్టపడతాడు. రెండు చిన్న వాక్యాలు. ఒకదాంట్లో హార్డ్‌లీ, ఒకదాంట్లో హార్డ్. హార్డ్‌లీని వాన పక్కన పెట్టండి, హార్డ్‌ని నాయన పక్కన పెట్టండి. అటుదిటు మాత్రం చెయ్యకండి!

ఇంగ్లీషు మనకి అమ్మ భాష కాదు, తప్పులు వస్తాయి. ఏమీ సిగ్గు పడక్కర్లేదు. ‘ఏ’ బదులు ‘ద’ పెట్టినా ఎవరి పరువూ పోదు, అర్థం అవుతుంది. కొన్ని తప్పులు మాత్రం మనం చెప్పాలనుకున్నదానికి సరిగ్గా వ్యతిరేకం చెప్పేస్తాయి. అన్నిటికన్నా ముందు దిద్దుకోవాల్సినవి అవే. మన ఇళ్లల్లో ఎక్కువగా ఉన్నది కష్టమే. కనీసం దాన్నైనా సరిగ్గా చెప్పుకుందాం.

ఈరోజు హోంవర్క్ సింపుల్. మీ ఫోన్ నోట్స్ తెరిచి నాలుగు వాక్యాలు రాయండి. రెండు మీ ఇంట్లోవాళ్ల గురించి హార్డ్‌తో, రెండు మీ ఊరి గురించి హార్డ్‌లీతో. రాసినాక పైకి చదవండి. హార్డ్ వెనక ఉందా, హార్డ్‌లీ ముందుందా చూసుకోండి. ఆ తర్వాత మీ పాత రెజ్యూమె తెరిచి హార్డ్‌లీ అని వెతకండి. దొరికితే ఈరోజే మార్చేయండి.

వచ్చే ఎపిసోడ్‌లో సిన్స్, ఫర్ మధ్య గొడవ తేల్చుకుందాం. అంతవరకు సెలవు, నమస్తే.